ఆటల కంప్యూటరు: కొద్ది డబ్బుతో భాగాల ఎంపిక

సికింద్రాబాదు పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు అనే భవనము ఉన్నది. జంటనగరాలలో కంప్యూటరు భాగాలు కొనదలచినవారు ముందుగా తొక్కే గుమ్మాలలో అదొకటి. జనము దానిని సి.టి.సి. అంటారు. కళాశాలలు తెరిచే రోజులలో అటువంటి చోట తరచు కనిపించే దృశ్యమును ఒకదానిని ఊహించుకొందాము. ఇంజనీరింగు చదివే కుర్రవాడు, అతని వెంట తండ్రి. తండ్రి దగ్గర ధాన్యము అమ్మగా మిగిలిన డబ్బు డెబ్బై వేలు ఉన్నది. కొనే యంత్రము చదువుకూ పనికిరావలె, ఆటలకూ పనికిరావలె. తండ్రీ కొడుకుల మధ్య ఒప్పందము అది.

"ఐ7 వేసుకోండి సార్, పదేళ్ళదాకా చూసుకోనక్కరలేదు. గ్రాఫిక్సు కార్డు ఇప్పటికి చిన్నది చాలు. ఎస్.ఎం.పి.ఎస్. కేబినెట్టుతోనే వచ్చేస్తుంది, దానికి వేరే డబ్బు అక్కరలేదు" అంటాడు దుకాణదారు. తండ్రి కొడుకు మొగము చూసి, "ఏమంటావురా?" అని అడుగుతాడు. "చీటీలో వేరేగా రాసుకున్నా నాన్నా" అని కొడుకు నసుగుతాడు.

దుకాణదారు మోసగాడు కానక్కరలేదు. పెద్ద ప్రాసెసరు మంచి వస్తువే. ఐతే ఆ డెబ్బై వేలలో దాని వాటా ఎంత ఉండవలె అన్నది వేరే ప్రశ్న. ఆట నడుస్తున్నప్పుడు ఆ పెట్టెలో ఏ భాగము ఏ పని చేస్తున్నదో తెలిస్తే కాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

16.7 మిల్లీ సెకన్ల గడువు

తెర మీద కనిపించే కదలిక నిజానికి కదలిక కాదు. సినిమాలో వలెనే నిశ్చలమైన బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. ఆటలో 60 దాకా ఉంటే కంటికీ, మీటలు నొక్కే చేతికీ హాయిగా ఉంటుంది. సినిమా బొమ్మలు ఏనాడో తీసి పెట్టినవి. ఆటలోనో, ఆడేవాడు మరుక్షణము ఎటు తిరుగుతాడో యంత్రానికి తెలియదు. అందుచేత ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు లెక్కకట్టి గీయవలె. సెకనుకు 60 బొమ్మలు కావలెనంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి 16.7 మిల్లీ సెకన్లు మాత్రమే. సెకనుకు 144 సార్లు మారే తెర ఐతే ఆ గడువు 6.9 మిల్లీ సెకన్లకు దిగుతుంది.

ఈ గడువులో జరగవలసిన పని రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది నిర్ణయాల పని. ఆటగాడు ఎక్కడ ఉన్నాడు, శత్రువు ఎటు పోవలె, విసిరిన బంతి ఎక్కడ పడవలె, గోడ వెనుక ఉన్నది కనబడుతుందా లేదా, ఇటువంటివన్నీ తేల్చి, గీయవలసిన వస్తువుల జాబితాను తయారు చేయవలె. ఇది ప్రాసెసరు చేసే పని. రెండవది చిత్రించే పని. ఆ జాబితాలోని ప్రతి వస్తువునూ చిన్న చిన్న త్రికోణాలుగా విడగొట్టి, అవి తెర మీద ఎక్కడ పడతాయో లెక్కించి, ప్రతి చుక్కకూ రంగు నిర్ణయించవలె. సాధారణమైన తెరలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి, మొత్తము 20,73,600. సెకనుకు 60 బొమ్మలంటే సెకనుకు పన్నెండు కోట్లకు పైగా చుక్కలకు రంగులు పూయవలె. ఇది గ్రాఫిక్సు కార్డు పని.

ఈ రెండు పనులూ ఎప్పుడూ ఇట్లా విడిగా లేవు. 1993లో వచ్చిన డూమ్ అనే ఆటలో రెండింటినీ ప్రాసెసరే చేసేది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ అనే సంస్థ వూడూ అనే కార్డును తెచ్చిన తరువాత, చిత్రించే పనిని వేరే చిప్పుకు అప్పగించడము ఇళ్ళలోని కంప్యూటర్లలో వ్యాపించింది. ఈ విభజన తెలివైనది. నిర్ణయాల పని ఒకదాని మీద ఒకటి ఆధారపడి సాగుతుంది. దానికి వేగముగా ఆలోచించగల కొద్దిమంది కావలె. రంగులు పూసే పనిలో ఒక చుక్కకూ మరొక చుక్కకూ పెద్దగా సంబంధము లేదు. దానికి ఒకే రకమైన లెక్కను ఒకేసారి చేసే వేలమంది కావలె. ఈనాటి మధ్యతరగతి ప్రాసెసరు రైజెన్ 5 7600లో ఉన్న కోరులు ఆరు. 2025లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 5060 కార్డులో చిన్న చిన్న లెక్కల యూనిట్లు 3,840.

వీరిద్దరి మధ్య పని ఎట్లా సాగుతుందో ఆ తండ్రికి చెప్పనక్కరలేదు. నాట్ల కాలములో ఆయన ఏటా చూసేదే. నారుమడిలో కొందరు నారు పీకి కట్టలు కడుతూ ఉంటారు. పొలములో కొందరు నాటుతూ ఉంటారు. పీకేవారు ఇద్దరే ఉండి నాటేవారు ఇరవైమంది ఉంటే, నాటేవారు గట్టు మీద కూర్చొని కట్టల కోసము ఎదురు చూస్తారు. పీకేవారు పదిమంది ఉండి నాటేవారు ముగ్గురే ఐతే, కట్టలు గట్టు మీద వాడిపోతాయి. ఎటు తప్పినా కూలి మాత్రము అందరికీ ఇవ్వవలసిందే. ప్రాసెసరు నారు పీకేది, గ్రాఫిక్సు కార్డు నాటేది.

ఇక్కడ ఒక విషయము గమనించవలె. కార్డు ఒక బొమ్మను గీస్తూ ఉండగానే ప్రాసెసరు తరువాతి బొమ్మకు జాబితా తయారు చేస్తుంది. కనుక ఇద్దరి కాలాలనూ కూడవలసిన పని లేదు. ఇద్దరిలో ఎవరు ఆలస్యమో వారి కాలమే లెక్క. ఒక యంత్రములో ప్రాసెసరుకు ఒక్కొక్క బొమ్మకు 8 మిల్లీ సెకన్లు, కార్డుకు 12 మిల్లీ సెకన్లు పడుతున్నదనుకొందాము. సెకనుకు వచ్చే బొమ్మలు 1,000ని 12తో భాగిస్తే సుమారు 83. ఇప్పుడు డబ్బు పెట్టి ప్రాసెసరును 6 మిల్లీ సెకన్లదిగా మార్చినా బొమ్మలు 83 దగ్గరే ఉంటాయి. ఒక్కటి కూడా పెరగదు. అదే డబ్బును కార్డు మీద పెట్టి 12ను 8 చేస్తే బొమ్మలు 125 అవుతాయి. దుకాణదారు చెప్పిన ఐ7కూ, కొడుకు చీటీలో ఉన్న ఐ5కూ మధ్య ఉన్న తేడా డబ్బు ఎక్కడికి పోవలెనో ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

ముందు తెర, తరువాత పెట్టె

ఐతే ఏ యంత్రములో ఎవరు ఆలస్యము అన్నది ఆటను బట్టీ, తెరను బట్టీ మారుతుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలలో బొమ్మలు కొంత సాదాగా ఉంటాయి. ఆడేవారు సెకనుకు 144, 240 బొమ్మలు కోరుకొంటారు. అక్కడ నారు పీకే చేయి చురుకుగా ఉండవలె. నగరాలు కట్టే ఆటలలో వేల మంది పౌరుల లెక్కలు చూడవలసి ఉంటుంది కనుక అక్కడా ప్రాసెసరే ముఖ్యము. సైబర్‌పంక్ 2077 వంటి ఆటలలో వెలుగునీడలు, వాన నీటిలో ప్రతిబింబాలు మొదలైనవి ఎక్కువ. అక్కడ భారమంతా కార్డు మీద పడుతుంది. కుర్రవాడు ఏ ఆటలు ఆడతాడో అడగకుండా భాగాలు చెప్పే దుకాణదారు, రోగము అడగకుండా మందు ఇచ్చే వైద్యుని వంటివాడు.

తెర సంగతి ఇంకా ముఖ్యము. చాలామంది పెట్టె అంతా కొన్న తరువాత మిగిలిన డబ్బుతో మానిటరు కొంటారు. ఇది తలక్రిందులైన పద్ధతి. సెకనుకు 60 సార్లు మాత్రమే మారే తెరకు 125 బొమ్మలు పంపితే వాటిలో సగానికి పైగా పూర్తిగా కనబడవు. అట్లాగే 2,560 బై 1,440 తెరలో చుక్కలు సుమారు 37 లక్షలు, అంటే సాధారణ తెరకు 1.8 రెట్లు. 4కె అనే తెరలో నాలుగు రెట్లు. తెర పెద్దదైతే నారు పీకే పని పెరగదు. నాటవలసిన పొలము పెరుగుతుంది. డెబ్బై వేలలో మానిటరు కూడా రావలసిన ఇంటికి 1,920 బై 1,080 తెర, అది 100 నుంచి 144 హెర్ట్జులది, తగినది. దానిని ముందు నిశ్చయించుకొంటే కార్డు ఎంతటిది కావలెనో దానంతట అదే తేలుతుంది.

ఇంట్లో ఇదివరకే కంప్యూటరు ఉన్నవారికి, ఏ భాగము ఆలస్యమో తెలుసుకొనే సులువైన పరీక్ష ఒకటి ఉన్నది. ఆట సెట్టింగులలో చుక్కల సంఖ్యను తగ్గించి చూడవలె. సెకనుకు వచ్చే బొమ్మలు బాగా పెరిగితే అడ్డు కార్డు దగ్గర ఉన్నది. ఏమీ పెరగకపోతే అడ్డు ప్రాసెసరు దగ్గర ఉన్నది. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

ప్రాసెసరు పేరును గూర్చి ఒక మాట. ఐ5, ఐ7 అనేవి తరగతులే కాని తరాలు కావు. 2012లో వచ్చిన మూడవ తరము ఐ7 3770లో కోరులు నాలుగు. 2022లో వచ్చిన పన్నెండవ తరము ఐ5 12400ఎఫ్‌లో ఆరు, ఒక్కొక్క కోరు కూడా చాలా చురుకైనది. పాత ఐ7 పెట్టెలను "ఐ7 సిస్టము" అని సెకండు హ్యాండులో అమ్మడము అంతటా ఉన్నదే. చివర ఉన్న ఎఫ్ అనే అక్షరానికీ అర్థమున్నది: ఆ ప్రాసెసరులో సొంత గ్రాఫిక్సు లేదు. విడిగా కార్డు లేకపోతే తెర మీద ఏమీ రాదు.

ప్రాసెసరును బట్టి మదర్ బోర్డు వస్తుంది. ఇక్కడ ఎంపిక ఒక్కటే చిక్కు. ఎ.ఎం.డి. వారి పాత ఎ.ఎం.4 సాకెట్టు ఐతే బోర్డు చవుక, కాని ఇక ముందు దానికి గొప్ప ప్రాసెసర్లు రావు. 2022లో వచ్చిన ఎ.ఎం.5 ఐతే ఖర్చు కొంత ఎక్కువ, కాని మూడు నాలుగేళ్ళ తరువాత బోర్డు మార్చకుండానే ప్రాసెసరు మార్చుకొనే అవకాశము ఎక్కువ. చదువు పూర్తయ్యేదాకా మళ్ళీ డబ్బు దొరకదనుకొనే ఇంటికి మొదటిది చెడ్డది కాదు. ఆ మిగులు కార్డుకు పోతుంది. ఖరీదైన బోర్డు వలన మాత్రము బొమ్మలు పెరగవు.

మెమరీలో రెండు కర్రలు

ర్యామ్ విషయములో జరిగే పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది కాని నష్టము పెద్దది. 16 జి.బి. కావలెనని అడిగితే దుకాణదారు 16 జి.బి. కర్ర ఒకటి ఇస్తాడు. "రేపు ఇంకొకటి వేసుకోవచ్చు" అంటాడు. డి.డి.ఆర్.4 3200 రకము ర్యామ్ సెకనుకు 320 కోట్ల మార్లు, మారుకు 8 బైట్ల చొప్పున అందిస్తుంది. అంటే ఒక దారిలో సెకనుకు 25.6 జి.బి. బోర్డులో దారులు రెండు. 8 జి.బి. కర్రలు రెండు వేస్తే రెండు దారులూ తెరుచుకొని 51.2 జి.బి. అవుతుంది. ఒకే కర్ర వేస్తే రెండవ దారి ఖాళీగా పడి ఉంటుంది. కార్డు కొనే డబ్బు లేక, రైజెన్ 5 5600జి వంటి సొంత గ్రాఫిక్సు ఉన్న ప్రాసెసరుతో సరిపెట్టుకొనేవారికి ఇది మరీ ముఖ్యము. అక్కడ నాటేవారికీ పీకేవారికీ దారి ఒకటే. అది సగమైతే ఆట కుంటుతుంది.

ర్యామ్ పెట్టె మీద రాసిన వేగము కూడా తనంతట తాను రాదు. బోర్డు సెట్టింగులలోకి వెళ్ళి ఎక్స్.ఎం.పి. లేదా ఎక్స్‌పో అనే దానిని ఆన్ చేయకపోతే చాలా ర్యాములు తక్కువ వేగముతోనే నడుస్తాయి. ఏళ్ళ తరబడి ఇట్లా నడిపించేవారు ఉన్నారు.

2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు కొద్ది కాలములోనే రెట్టింపును మించి పెరిగాయి. కృత్రిమ మేధ కోసము కట్టే పెద్ద పెద్ద డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను ఎగబడి కొనడము దీనికి ముఖ్య కారణము. అందుచేత 32 జి.బి. కోసము కార్డును తగ్గించడము ఇప్పుడు తెలివైన పని కాదు. 16తో చాలా ఆటలు సాగుతాయి.

గ్రాఫిక్సు కార్డుకు సొంత మెమరీ వేరే ఉంటుంది. ఇది నాటేవారి పక్కనే ఉన్న కట్టల రాశి వంటిది. ఆర్.టి.ఎక్స్. 5060లో ఇది 8 జి.బి.; సెకనుకు 448 జి.బి. చొప్పున అందుతుంది. ఆట బొమ్మలకు కావలసిన సరుకు ఆ 8 జి.బి.లో పట్టకపోతే, మిగిలినది ర్యామ్ నుంచి బోర్డు దారిన రావలె. ఆ దారి, పి.సి.ఐ. నాలుగవ తరము బోర్డు మీద ఈ కార్డు వాడుకొనే ఎనిమిది వరుసలలో, సెకనుకు సుమారు 16 జి.బి. మాత్రమే. మూడవ తరము పాత బోర్డు మీద 8. అంటే చేతికందే కట్ట ఒక్కసారిగా ఊరి అవతలికి పోయినట్లు. ఆట మామూలుగా సాగుతూ సాగుతూ ఉన్నట్లుండి ఆగి ఆగి కదలడానికి ఇది ఒక కారణము. ఇంటెల్ వారు 2024 డిసెంబరులో తెచ్చిన ఆర్క్ బి580లో 12 జి.బి. పెట్టినది ఇందుకే. కొత్త ఆటలు ఆడదలచినవారు ఈ అంకెను కార్డు పేరు కంటె ముందు చూడడము మంచిది. 8 ఉన్నవారు ఆటలో బొమ్మల మెరుగును ఒక మెట్టు తగ్గించుకొంటే సరి.

డిస్కును గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డు డిస్కు ఒక్క చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు తీసుకొంటుంది, ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. కనుక ఎస్.ఎస్.డి. తప్పనిసరి. ఐతే సెకనుకు 3,500 మెగాబైట్లదానికీ 7,000 మెగాబైట్లదానికీ ఆటలో తేడా కనిపెట్టడము కష్టము. చవుకైనది తీసుకోవచ్చును.

కేబినెట్టుతో వచ్చే ఎస్.ఎం.పి.ఎస్.

దుకాణదారు మాటలలో అన్నిటి కంటె జాగ్రత్తగా వినవలసినది "కేబినెట్టుతోనే వచ్చేస్తుంది" అన్నది. ప్రాసెసరు తప్పుగా ఎంచుకొంటే బొమ్మలు తగ్గుతాయి. ఎస్.ఎం.పి.ఎస్. తప్పుగా ఎంచుకొంటే మిగతా భాగాలన్నీ పోవచ్చును.

గోడలో నుంచి వచ్చేది 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తు. దాని శిఖరము 325 వోల్టులు. ఎస్.ఎం.పి.ఎస్. దానిని ముందు డి.సి.గా మార్చి, సెకనుకు వేలాది సార్లు ఆపుతూ వదులుతూ చిన్న ట్రాన్సుఫార్మరు గుండా పంపి, చివరకు 12 వోల్టులకు దించుతుంది. 325 వోల్టులకూ, పాతిక వేల రూపాయల కార్డుకూ మధ్య ఉన్న గోడ ఇది ఒక్కటే. మంచి ఎస్.ఎం.పి.ఎస్.లో వోల్టేజి హద్దు మీరినా, కరెంటు ఎక్కువైనా, తీగెలు కలిసినా తక్షణమే ఆపివేసే ఏర్పాట్లు ఉంటాయి. చవుక వాటిలో ధర తగ్గించడానికి ముందుగా తీసివేసేది వీటినే.

మంచిదానిని గుర్తించడము ఎట్లా? పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న "450 వాట్లు" అన్నదానిని నమ్మరాదు. పక్కన అంటించిన చిన్న పట్టికలో 12 వోల్టుల గడిని చూడవలె. ప్రాసెసరు, కార్డు రెండూ దాని మీదనే బ్రతుకుతాయి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించవలె: 216 వాట్లు. పైన 450 అని ఉన్నా ఆటకు దొరికేది ఇంతే. అదే గడిలో 41 ఆంపియర్లు ఉంటే 492 వాట్లు. ఇది మూడవ తరగతి గుణకారమే. చేసి చూసేవారు మాత్రము తక్కువ.

అవసరము ఎంత అన్నది కూడా కూడికే. 5060 కార్డుకు 145 వాట్లు. రైజెన్ 5 7600 ప్రాసెసరుకు 65 అని రాసి ఉన్నా పూర్తి భారములో 88 దాకా పోతుంది. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యానులు కలిపి ఒక 45. మొత్తము సుమారు 280. కార్డులు కన్నుమూసి తెరిచేలోగా తమ హద్దును దాటి లాగుతాయి కనుక, మంచి సంస్థ చేసిన 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. తగినది. 850 వాట్లది కొనడము వృథా.

"80 ప్లస్" అనే ముద్ర ఉంటే మేలు. ఐతే అది సామర్థ్యానికి గుర్తే కాని రక్షణకు హామీ కాదు. సామర్థ్యము వలన లాభము ఇది: 280 వాట్లు కావలసిన పెట్టెకు 85 శాతము సామర్థ్యముగల ఎస్.ఎం.పి.ఎస్. గోడ నుంచి 330 వాట్లు లాగుతుంది. 70 శాతముది 400 లాగుతుంది. తేడా అంతా వేడిగా గదిలో చేరుతుంది, లెక్క మీటరులో చేరుతుంది. రోజుకు మూడు గంటలు ఆడితే మొదటిది నెలకు సుమారు 30 యూనిట్లు కాలుస్తుంది. స్లాబుల ప్రకారము బిల్లు వేసే మన రాష్ట్రాలలో ఈ 30 యూనిట్లు ఇంటిని పై స్లాబులోకి నెట్టే అవకాశమున్నది. తండ్రికి ఈ సంగతి ముందే చెప్పడము న్యాయము.

యు.పి.ఎస్. కొనేవారు వి.ఎ. అంకెను చూసి మోసపోతారు. 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణముగా ఇవ్వగలిగేది 360 వాట్లు. పెట్టె 330, మానిటరు 25 కలిపితే 355. ఆట మధ్యలో కరెంటు పోతే ఆ యు.పి.ఎస్. నిలబడడము అనుమానమే. 1,000 వి.ఎ.ది తీసుకోవడము క్షేమము.

ఇంకొక విషయము పల్లెలలో, పాత ఇళ్ళలో చాలామందికి అనుభవమే: కేబినెట్టు ఇనుము మీద వేలు పెడితే జివ్వుమంటుంది. కంప్యూటరు చెడిపోయిందని దుకాణానికి మోసుకొని పోతారు. అక్కడ ఏ జివ్వూ ఉండదు. కారణము ఎస్.ఎం.పి.ఎస్.లో ఉన్న వడపోత కెపాసిటర్లు. అవి రెండు తీగెల నుంచీ ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తింగు సరిగా ఉంటే అతి స్వల్పమైన ఆ కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తింగు లేకపోతే పెట్టె సుమారు సగము వోల్టేజికి, అంటే 115 వోల్టుల దగ్గరకు చేరుతుంది. కరెంటు అతి తక్కువ కనుక సాధారణముగా ప్రాణభయము లేదు, కాని ఎస్.ఎం.పి.ఎస్.లో మరేదైనా తెగినరోజున కాపాడేది ఆ మూడవ తీగె ఒక్కటే. పాతిక వేల కార్డు కొనే ముందు ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తింగు చూపించడము మంచిది. ఆ ఖర్చును కూడా కంప్యూటరు ఖర్చులోనే వేసుకోవలె.

మే నెల గది

విదేశాల పరీక్షలలో కనిపించే వేడి అంకెలు చల్లని గదులలో తీసినవి. చిప్పు వేడి అనేది గది వేడి మీద ఇంత అని పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీలు ఉండే ప్రాసెసరు, 40 డిగ్రీల గదిలో సుమారు 85 దగ్గరకు పోతుంది. రైజెన్ 7600కు హద్దు 95. హద్దు తగిలితే చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఎక్కువ డబ్బు పోసి కొన్న వేగము అట్లా పోతుంది. రెంటచింతలలోనో రామగుండములోనో మే నెలలో, ఏ.సి. లేని మేడ గదిలో ఆడేవారికి ఇది పుస్తకాల సంగతి కాదు. ఎస్.ఎం.పి.ఎస్.లు కూడా కొన్ని 40 డిగ్రీల దగ్గర, కొన్ని 50 డిగ్రీల దగ్గర పూర్తి శక్తి ఇస్తాయని రాసి ఉంటుంది, రెండవదానిని ఎంచుకోవలె.

కనుక ముందు వైపు అద్దముతో, రంగురంగుల దీపాలతో ఉన్న కేబినెట్టు కంటె ముందు వైపు జాలీ ఉన్న సాదా కేబినెట్టు మేలు. ముందు ఫ్యానులు గాలిని లోపలికి లాగవలె, వెనుకది బయటికి తోయవలె. దుమ్ము జల్లెడను నెలకొకసారి దులుపుకోవలె. దీపాల మీద పెట్టే డబ్బుతో మరొక ఫ్యాను వస్తుంది.

పెట్టెకు పెట్టే ప్రతి నూరు రూపాయలలో కార్డుకు 38, ప్రాసెసరుకు 18, బోర్డుకు 12, ర్యామ్‌కు 13, ఎస్.ఎస్.డి.కి 7, ఎస్.ఎం.పి.ఎస్.కు 8, కేబినెట్టుకు 4 చొప్పున వేసుకొంటే చాలా ఇళ్ళకు సరిపోతుంది. మానిటరు దీనికి వేరు. పోటీ ఆటలే ఆడేవారు కార్డు నుంచి ఐదారు రూపాయలను ప్రాసెసరుకు మార్చుకోవచ్చును. ఎస్.ఎం.పి.ఎస్. వాటాను మాత్రము ఎవరూ ముట్టుకోరాదు. దుకాణదారు చెప్పే ధరలో 18 శాతము జి.ఎస్.టి. కలిసి ఉన్నదా అని ముందే అడగవలె. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే ఒప్పుకోరాదు. తరువాత వారంటీ అడగడానికి చేతిలో ఉండే కాగితము అదే.

సెకండు హ్యాండు కార్డులు కొనవచ్చునా అని చాలామంది అడుగుతారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెము గ్రాఫిక్సు కార్డులతో తవ్వే పద్ధతిని వదిలివేసినది. అంతవరకూ రాత్రింబవళ్ళు పనిచేసిన కార్డులు గుంపులు గుంపులుగా బజారులోకి వచ్చాయి. అటువంటివి అన్నీ చెడ్డవి కావు. ఫ్యానులు అరిగి ఉండవచ్చును. వారంటీ మిగిలి ఉండి, ఎదుట అరగంట ఆట నడిపించి చూపిస్తే తప్ప కొనకపోవడము మేలు.

అన్నీ కొని, బిగించి, ఇంటికి తెచ్చి, "కార్డు పనిచేయడము లేదు, పాత కంప్యూటరు లాగానే ఉన్నది" అని మళ్ళీ దుకాణానికి పరుగెత్తేవారు ఉంటారు. వారిలో చాలామంది మానిటరు తీగెను మదర్ బోర్డు వెనుక ఉన్న రంధ్రములో పెట్టి ఉంటారు. అట్లా పెడితే గీసేది ప్రాసెసరులోని చిన్న గ్రాఫిక్సే. పాతిక వేల కార్డు ఊరకే కూర్చొని ఉంటుంది. తీగెను దాని కిందుగా, అడ్డముగా ఉన్న కార్డు రంధ్రములో పెట్టవలె. తరువాత విండోసు డిస్ప్లే సెట్టింగులలోకి వెళ్ళి, 60 హెర్ట్జుల మీద ఉన్న గుర్తును 144కు మార్చవలె. అది తనంతట తాను మారదు.